మంచు కింద తమ్ముడు, జేబులో స్తోత్రం

స్తంభాన్ని చీల్చుకుని వచ్చి, గడప మీద కూర్చుని, గోళ్లతో న్యాయం తీర్చిన నరసింహస్వామికి జయం. నిన్ను శాంతమూర్తిగా కొలిచేవాళ్లు చాలామంది. ఈ రెండేళ్లుగా నాకు ఆ రూపం చాలడం లేదు.

సింగపూర్ సెరంగూన్‌లో మా బ్లాకు పక్కనే ప్రతి శనివారం సత్సంగం జరుగుతుంది. దాన్ని నడిపే అంకుల్‌తో కలిసి నేనూ, నా తమ్ముడూ జపాన్ ఉత్తరాన మంచు కొండల్లో స్కీయింగ్‌కి వెళ్లాం. లిఫ్టులు లేని కొండ. మనమే ఎక్కాలి, మనమే దిగాలి. గైడ్ అందరి ఛాతీకీ ఒక్కో పరికరం కట్టాడు. ఎవరైనా మంచులో కూరుకుపోతే దాని సిగ్నల్‌ని బట్టి మిగతావాళ్లు తమ పరికరాలతో వెతకాలి.

"ఫోన్లు ఆపి బ్యాగుల్లో పెట్టండి. పక్కనుంటే ఇది తప్పు చూపిస్తుంది" అన్నాడు. అంకుల్ తల ఊపారు.

పొద్దున గట్టిగా ఉన్న వాలు మధ్యాహ్నానికి మారిపోయింది. తుఫాను గాలి దిశ మార్చుకుని కొత్త మంచునంతా తెచ్చి మా వైపే పోసింది. గైడ్ పారతో మంచు దిమ్మ ఒకటి కోసి పైన తట్టాడు. పై పొర చటుక్కున జారిపడింది. వెంటనే వెనక్కి వెళ్లిపోదాం, ఒక్కొక్కరే దిగాలి అన్నాడు. ముందు తను దిగాడు. తరువాత తమ్ముడు. వాడు సగం దూరంలో ఉండగా పైన వాలు పగిలి, మంచంతా వాడి మీదికి జారింది. తమ్ముడు కనిపించలేదు.

అంకుల్ నాకన్నా ముందు అక్కడికి చేరారు. "ఇక్కడేనమ్మా, ఇక్కడే చూపిస్తోంది!" అన్నారు. తవ్వాను. ఏమీ లేదు. "కాదు, ఇటు!" మళ్లీ తవ్వాను. కింది నుంచి రొప్పుతూ ఎక్కి వచ్చిన గైడ్‌కి అంకుల్ జేబులోంచి స్తోత్రం వినబడింది.

"ఫోన్ ఆఫ్!" అని మూడుసార్లు అరిచాడు.

"మధ్యలో ఆపకూడదయ్యా, అపచారం" అన్నారు అంకుల్, ఆ జపాన్ మనిషితో, తెలుగులో.

గైడే ఆ ఫోన్ లాగి దూరంగా విసిరాడు. పరికరంలో అంకెలు కుదురుకున్నాయి. నేను తవ్విన గుంటకు పన్నెండు అడుగుల అవతల ఉన్నాడు నా తమ్ముడు, నీలంగా.

బతికాడు. సత్సంగంలో అందరికన్నా బాగా పాడేవాడు. ఇప్పుడు చరణం మధ్యలో మాట మరిచిపోయి నా మొహం చూస్తాడు.

అంకుల్ మాత్రం ప్రతి శనివారం చెబుతారు, ఆ స్తోత్రమే కుర్రాణ్ణి పైకి లాగిందని. పోయిన వారం నావైపు తిరిగి, "సాక్షివి కదా, నువ్వు చెప్పమ్మా" అన్నారు. లేచి ఉన్నదంతా చెప్పాను.

"నామాన్ని అంత మాటనకే, కళ్లు పోతాయి" అంది ఒక ఆంటీ.

"పాపం, ఇంకా షాక్‌లోనే ఉంది" అని అంకుల్ నవ్వారు.

"సరే సరే, మకాన్ ఫస్ట్ లా, ముందు తిందాం!" అన్నారెవరో వెనక నుంచి. పులిహోర పళ్లేలు వచ్చాయి.

స్వామి నామంలో దోషం లేదు. దాని చాటున దాక్కున్న మనిషిలో ఉంది. క్షమించమ్మా అంటున్నారు సత్సంగంలో కొందరు. నేనూ పురాణం చదివాను. ప్రహ్లాదుడు తండ్రికి సద్గతి అడిగింది గోళ్లు దిగిన తరువాతే.

చదువుతున్న మీరూ చేతులు జోడించండి. స్వామీ, అతని ప్రాణం మాకొద్దు. వచ్చే శనివారం నిండు సభలో, నా తమ్ముడి ఎదుట, ఆ నోటితోనే నిజం చెప్పించు. తల దించుకుని ఒంటరిగా మెట్లు దిగేలా చెయ్యి. నాతో పాటు అనండి: చెప్పించు స్వామీ, చెప్పించు.