ఏడో మలుపు దగ్గర రెండు బోల్టులు

2012 ఆగస్టు. ఉదయం తొమ్మిదింటికి మా మూడు టన్నుల లారీ మేడ్చల్ దాటి శామీర్‌పేట వైపు తిరిగింది. లారీలో పన్నెండు మోటారు సైకిళ్లు తాళ్లతో కట్టి ఉన్నాయి. వాటి మధ్య పనిముట్ల పెట్టె మీద నేను కూర్చున్నాను. బయట చినుకులు పడుతున్నాయి. రోడ్డు వదిలి మట్టిదారిలో రెండు కిలోమీటర్లు పోయాక లారీ ఆగింది. దిగి చూశాను. గుండ్రాళ్లు, సీతాఫలం పొదలు, ఎర్ర మొరం నేల. ఎనిమిది గుడారాలు, ఒక నీళ్ల ట్యాంకరు. నా నాలుగు నెలల డ్యూటీ అక్కడే.

సైన్యం అనగానే మా వీధిలోవాళ్లు మంచుకొండల గురించి అడుగుతారు. అక్కడా పనిచేశాను. ఆ కబుర్లు ఎన్నిసార్లయినా చెప్పాను. ఈ క్యాంపు గురించి మాత్రం మా ఆవిడకు కూడా సగమే తెలుసు.

నాది శ్రీకాకుళం జిల్లా. అప్పటికి సర్వీసు పదకొండేళ్లు. లాన్స్ నాయక్‌ని, బళ్ల మెకానిక్‌ని. క్యాంపులో ఇరవై నాలుగు మంది జవాన్లకు దారి లేని చోట మోటారు సైకిల్ నడపడం నేర్పుతున్నారు. ఒక్కొక్కరి వీపున పదకొండు కిలోల వైర్‌లెస్ సెట్. తలకు హెల్మెట్, మోకాళ్లకు గార్డులు, నడుముకు నీళ్ల సీసా. రాళ్ల మధ్య నాలుగు కిలోమీటర్ల ట్రాక్ గీశారు. అందులో పదకొండు మలుపులు.

నేర్పేవాడు ఒక హవల్దార్. సిద్దిపేట వైపు మనిషి. అందరం ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్లం. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. బండి మీద నిలబడి చేతులు వదిలేసి బీడీ ముట్టించుకోగలడు. క్యాంపులో తెలుగు మాట్లాడేవాళ్లం మేమిద్దరమే. మిగతా అందరితో హిందీ. మొదటి రోజే నా పెట్టె తెరిచి చూశాడు. పానాలన్నీ సైజు వారీగా గుడ్డలో చుట్టి ఉన్నాయి.

"తమ్మీ, నువ్వు పనోనివే," అన్నాడు.

అంతే. ఆ రోజు నుంచి టీ ఇద్దరం కలిసి తాగేవాళ్లం.

కష్టమంతా ఏడో మలుపు దగ్గర వచ్చింది. బండ మీద నుంచి దిగుతూనే ఎడమకు పూర్తిగా తిరగాలి. మలుపు లోపలి వైపు పది గజాల మేర నల్లరేగడి. బయటి వైపు గౌస్ భాయ్ అనే రైతు ద్రాక్షతోట. తోట చుట్టూ నిలువెత్తు రాతి కడీలు పాతి, తీగ లాగి ఉంది. కుర్రజవాన్లు అక్కడికి వచ్చేసరికి బండి తిరిగేది కాదు. వెడల్పుగా పోయి కంచెకు తగిలేవారు. వేగం తక్కువ కాబట్టి మోచేతులు గీరుకోవడంతో సరిపోయేది.

సెప్టెంబరు చివర్లో గౌస్ భాయే క్యాంపుకు వచ్చాడు. అరవై దాటిన మనిషి. గళ్ల లుంగీ, తల మీద తువ్వాలు. క్యాంపు పెద్ద సుబేదార్ సాబ్ ముందు నిలబడి దక్కనీ ఉర్దూలో మొదలుపెట్టి, నన్ను చూసి తెలుగులోకి వచ్చాడు.

"సార్, మీ పోరగాండ్లు దినాం నా కడీలు వడగొడ్తున్నరు. కడీ పోతే ఇంకోటి పాతుకుంట. పోరని తల వలిగితే ఏం జేద్దాం?"

సుబేదార్ సాబ్ నా వైపు తిరిగాడు. తప్పు నడిపేవాళ్లదా, బండిదా అని హిందీలో అడిగాడు. రెండు రోజుల్లో చెబుతానన్నాను.

టేపు పట్టుకుని కొలిచాను. తప్పు బండిదే. ఈ బళ్ల స్ప్రింగులు మామూలు బరువుకు సరిపెట్టి వచ్చాయి. మనిషి బరువుకు తోడు వీపున పదకొండు కిలోలు చేరేసరికి వెనక భాగం నూట నలభై మిల్లీమీటర్లు దిగిపోతోంది. వంద దిగితే చాలు. వెనక దిగితే ముందు లేస్తుంది. ముందు చక్రం మీద బరువు లేకపోతే హ్యాండిల్ తిప్పినా బండి నేరుగానే పోతుంది. మందు రెండు రకాలు. వెనక షాకబ్జర్ రింగు బిగించి స్ప్రింగును గట్టి చేయాలి. ముందు ఫోర్కు గొట్టాలను వాటిని పట్టుకునే క్లాంపుల్లోంచి కొద్దిగా పైకి జరిపి, బండి ముక్కును కిందికి దించాలి.

ఉస్తాద్‌కి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"ఒక్క బండి చెయ్యి. నా నాలుగో నంబరు జెయ్యి. ముందుగాల నేను తిప్పి చూస్త. మంచిగుంటే అప్పుడు పోరగాండ్లకు."

మర్నాడు సాయంత్రం నాలుగున్నరకు పని మొదలుపెట్టాను. ఉస్తాద్‌ని సెట్‌తో సహా బండి మీద కూర్చోబెట్టి కొలిచాను. రింగు రెండు చుట్లు బిగించాను. మళ్లీ కొలిచాను. నూట మూడు వచ్చింది. ఆయన గుడారానికి వెళ్లిపోయాడు. ఇంజను కింద దిమ్మె పెట్టి ఫోర్కు బోల్టులు వదులు చేశాను. రెండు గొట్టాలనూ ఆరు మిల్లీమీటర్లు పైకి జరిపాను. కుడి వైపు రెండు బోల్టులు పానాతో బిగించాను. ఎడమ వైపు పైదీ కిందిదీ వేలితో తిప్పి ఆపాను.

అప్పుడే వాన అందుకుంది. వైర్‌లెస్ గుడారంలోంచి ఆపరేటర్ కేక వేశాడు. ట్యాంకరు బురదలో దిగబడింది, అందరూ రావాలి. టైము అయిదూ పది. నలభై నిమిషాలు నెట్టాం. వచ్చి చేతులు కడుక్కున్నాను. దిమ్మె తీసి బండి మీద తార్పాలిన్ కప్పాను. రిజిస్టరు తెరిచి, బోల్టులన్నీ బిగించానని రాసి సంతకం పెట్టాను. అబద్ధం రాస్తున్నానన్న ఊహ కూడా లేదు. బిగించాననే నమ్మాను.

ఉదయం ఆరు గంటలు. వాన వెలిసింది. గాలి లేదు. ఉస్తాద్ వచ్చి రిజిస్టరు అందుకున్నాడు. బండి ఎక్కే ముందు దాని చుట్టూ తిరిగి ప్రతి బోల్టూ చేత్తో పట్టి చూసి సంతకం పెట్టాలి. అది నిబంధన. జవాన్లు చూడకపోతే వాళ్లను పది చుట్లు పరిగెత్తించేవాడు. ఆ రోజు నా సంతకం కింద తన సంతకం పెట్టి, హెల్మెట్ బిగించుకుని కిక్ కొట్టాడు.

నేను ఆపరేటర్ పక్కన నిలబడ్డాను. ఆరూ పన్నెండుకు సెట్‌లో ఆయన గొంతు వచ్చింది. రేడియోలో హిందీయే మాట్లాడాలి. ఆయన తెలుగులో అన్నాడు.

"తమ్మీ, ఏడో మలుపు అయిపోయింది. ఎప్పుడు తిరిగిననో నాకే తెల్వలే. మస్తుగున్నది. ఇంకో చుట్టు జోరుగ కొడ్త. ఓవర్."

ఉస్తాద్ ఏమన్నాడని ఆపరేటర్ అడిగాడు. చెప్పాను. వాడు నా వీపు తట్టాడు.

ఎనిమిది నిమిషాల తర్వాత, రెండో చుట్టులో, ఇంజను శబ్దం దూరంగా బండ ఎక్కడం వినిపించింది. తర్వాత రాయి మీద ఇనుము పడ్డ చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

"నాలుగో నంబర్, జవాబివ్వు. నాలుగో నంబర్." ఆపరేటర్ మూడుసార్లు పిలిచాడు. నేను అప్పటికే పరుగెడుతున్నాను.

అరకిలోమీటరు ఉంటుంది. నేను చేరేసరికి గౌస్ భాయ్ తోటలోంచి వచ్చి ఉన్నాడు. ఉస్తాద్ వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. కుడి కాలు మోకాలి కింద బండికీ రాతి కడీకీ మధ్య ఇరుక్కుంది. బూటు వెనక్కి తిరిగి ఉంది. ఆయన అరవడం లేదు. పళ్ల మధ్య నుంచి గాలి పీలుస్తున్నాడు.

నేను బండి వైపు చూశాను. ఫోర్కు ఎడమ గొట్టం క్లాంపు పైన రెండు వేళ్ల మేర లేచి ఉంది. కుడిది నేను పెట్టిన చోటే ఉంది. ట్యాంకరు, వాన, వేలితో తిప్పి వదిలేసిన బోల్టులు, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.  

తర్వాత చేసింది ఇన్నేళ్లూ ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. నా చెయ్యి జేబులోకి పోయింది. పానా తీసింది. పై బోల్టు మీద పెట్టి తిప్పింది. అది అడ్డు లేకుండా తిరిగి, చివర పట్టుకుంది. ఒక బోల్టు బిగిసింది. కింది దాని మీదికి పానా జరిపాను.

"ఏంది సార్ గది?" గౌస్ భాయ్ గొంతు. "బండి యాడికి వోతది? గిటు రా. జల్దీ వచ్చి బండి లేపు, నేను కాలు వట్టుకుంట."

పానా జేబులో పడేశాను. బండి ఎత్తాను. గౌస్ భాయ్ తన తల తువ్వాలు విప్పి ఉస్తాద్ తొడ మీద గట్టిగా కట్టాడు. ఆరూ ముప్పై అయిదుకు జీపు వచ్చింది. యాప్రాల్ మీదుగా ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆ రోజు మధ్యాహ్నమే మోకాలి కింద కాలు తీసేశారు.

క్యాంపులో బళ్లు ఆపేశారు. విచారణకు ఒక మేజర్ వచ్చాడు. బండి చూసి రాసుకున్నాడు. ఎడమ వైపు పై బోల్టు బిగుతు, కింది బోల్టు వదులు. నన్ను అడిగాడు. రిజిస్టరులో రాసిందే చెప్పాను. రాళ్ల మీది అదురుకు ఒక బోల్టు వదులై ఉండొచ్చని ఆయనే అన్నాడు. నేను కాదనలేదు.  

గౌస్ భాయ్‌ని పిలిపించారు. నేనే తెలుగు నుంచి హిందీకి చెప్పాలి. మీరు వెళ్లేసరికి బండి ఎలా ఉంది, దాన్ని ఎవరైనా ముట్టుకున్నారా అని మేజర్ అడిగాడు. గౌస్ భాయ్‌కి ఆ మాత్రం హిందీ వచ్చు. అయినా నేను తెలుగులో చెప్పేదాకా ఆగి, నన్నే చూస్తూ జవాబిచ్చాడు.

"నేను బండి దిక్కు సూడలే సార్. మనిషి దిక్కు సూసిన."

అదే మాట మేజర్‌కు హిందీలో చెప్పాను. 

నాలుగో రోజు ఉదయం పదింటికి ఉస్తాద్ వాంగ్మూలం కోసం ఆసుపత్రికి వెళ్లాం. బండి మెకానిక్‌గా నేను ఎదుట ఉండాలి. మంచం కాళ్ల వైపు నిలబడ్డాను. దుప్పటి ఒక పక్క ఎత్తుగా, ఇంకో పక్క చదునుగా ఉంది. ఆయన ముఖం పసుపు రంగుకు తిరిగింది. మేజర్ రిజిస్టరు చూపించాడు.

"సంతకం నాదే సాబ్," అన్నాడు ఉస్తాద్ హిందీలో. "కానీ నేను బండి చూడలేదు. తప్పు నాది."

ఎందుకు చూడలేదని మేజర్ అడిగాడు.

"ఇతను బిగించిన బండిని నేను ఎప్పుడూ చూడను సాబ్. అవసరం రాలేదు."

 మేజర్ రాసుకుంటున్నాడు. కలం చప్పుడు వినిపిస్తోంది. నా నోట్లోంచి మాటలు వాటంతట అవే వచ్చాయి. ఎడమ వైపు రెండు బోల్టులూ నేను బిగించలేదు సాబ్. ఒకటి తర్వాత బిగించాను. ఆయన పడ్డాక.

కలం ఆగింది.

మేజర్ తలెత్తి, మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. టైముతో సహా రాసుకున్నాడు. సంతకం పెట్టించుకున్నాడు. బయటికి వెళ్తూ, మాట్లాడుకోమన్నట్టు నర్సును కూడా పిలుచుకుపోయాడు.

 ఉస్తాద్ తిడతాడని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"మర్చిపోయినవ్. సరే," అన్నాడు మెల్లగా. "మనిషన్నంక మర్చిపోతడు. నేను గూడ సూడలే. గది ఇద్దరి తప్పు."

"ఉస్తాద్..."

"నేను కింద వడి నిన్నే చూస్తున్న తమ్మీ. నువ్వు ఉరికొస్తున్నవ్. ఇగ వచ్చిండు, ఫికర్ లేదు అనుకున్న. నువ్వు నా మీదికెల్లి దాటి బండి తానకు వోయినవ్."

నాకు అప్పటిదాకా ఆ సంగతి తెలియదు. ఆయన చూశాడని తెలియదు. చూసి కూడా నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదని తెలియదు. ఆయన మీద నుంచి దాటానన్నది కూడా నాకు గుర్తు లేదు. ఇప్పటికీ గుర్తు రాదు.

"ఇగ వో," అన్నాడు. ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

తర్వాత రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ నిద్రపోతున్నాడని చెప్పారు. రెండోసారి కిటికీలోంచి కనిపించాడు. మేలుకునే ఉన్నాడు. ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఆయనకు పెన్షన్ వచ్చిందని, ఊళ్లో ఉంటున్నాడని తర్వాత ఆపరేటర్ ద్వారా తెలిసింది.

నాకు ఇరవై ఎనిమిది రోజులు నిర్బంధం. భుజం మీది లాన్స్ నాయక్ పట్టీ తీసేసి మామూలు సిపాయిని చేశారు. తక్కువ శిక్ష అని సుబేదార్ సాబ్ అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. శిక్ష అయ్యాక, మిగిలిన పదకొండు బళ్లూ నేనే సరిచేయాలన్నాడు. చేయలేనన్నాను. ఆయనే వచ్చి పక్కన నిలబడ్డాడు. ఒక్కొక్క బోల్టూ నేను బిగించి పైకి చెప్పాను, ఆయన చేత్తో పట్టి చూశాడు. వేరే ఉస్తాద్ వచ్చాడు. ఏడో మలుపును కంచెకు నలభై గజాల ఇవతలికి జరిపి శిక్షణ పూర్తి చేశారు. బళ్లు చక్కగా తిరిగాయి. మళ్లీ ఎవరూ పడలేదు.

డిసెంబరులో గుడారాలు విప్పాం. లారీ ఎక్కే ముందు గౌస్ భాయ్‌కి చెప్పి వద్దామని తోట వైపు నడిచాను. ఆయన లేడు, శామీర్‌పేట పోయాడన్నారు. తిరిగి వస్తూ పాత ఏడో మలుపు దగ్గర ఆగాను. ఆ ఉదయం తర్వాత అటు ఎవరూ బండి నడపలేదు. వాన కూడా పడలేదు. రేగడి ఎండి ఇటుకలా గట్టిపడింది. అందులో ఉస్తాద్ తిరిగిన రెండు చుట్ల టైరు గీతలూ అలాగే ఉన్నాయి. మొదటిది లోపలి అంచును పట్టుకుని, ఎక్కడా తొణకకుండా, గుండ్రంగా తిరిగి వెళ్లింది. నా సర్వీసులో అంత చక్కటి మలుపు చూడలేదు. రెండోది దాని మీదే మొదలైంది. సగం దాకా రెండూ ఒకటే గీత. అక్కడి నుంచి రెండోది నేరుగా కడీల వైపు పోయింది.

2018లో సర్వీసు ముగించుకుని ఇంటికి వచ్చాను. ఇప్పుడు మా ఊళ్లో బళ్ల షాపు ఉంది. రోజూ ఏదో ఒక బండి చూస్తాను. కళ్లు మూస్తే మాత్రం ఆ రెండు గీతలు విడిపోయిన చోటే కనిపిస్తుంది.