గొబ్బెమ్మ మీది పోతుపువ్వు

ఇవాళ పొద్దున్నే కాఫీ తాగి డాబా మీదికి వెళ్లేసరికి గుమ్మడితీగకి పోతుపువ్వు లేదు. తెంచిన కాడ చివర నీటిబొట్టు నిలిచి ఉంది, దాని మీదికి ఒక చీమ ఎక్కుతోంది. పక్కనే ఈ తీగకి మిగిలిన ఒకే ఒక్క పిందె, గోలీకాయంత, నెత్తిన పచ్చటి పువ్వు విప్పుకుని కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది. విజయవాడలో అయిదంతస్తుల మీదికి తేనెటీగ రావడం కల్ల. పిండినల్లి, గొంగళిపురుగు మాత్రం పిలవకుండానే వస్తాయి. పోతుపువ్వు పూసిన రోజు ఆడపువ్వు ఉండదు, ఆడపువ్వు విచ్చిన రోజు పోతుపువ్వు ఉండదు. అలా తొమ్మిది పిందెలు పసుపెక్కి రాలిపోయాయి. నిన్న సాయంత్రం మొగ్గలు చూసి, ఇవాళ రెండూ కలిసి విచ్చుకుంటాయని పొంగిపోయాను. "బజార్లో ఓ ముక్క కొనుక్కుంటే పోయేదానికి ఈ తపస్సెందుకే?" అంటారు మా ఆయన. ఇది మా మేనత్త ఇచ్చిన విత్తనం. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఆఖరి పొట్లంలో ఉన్న నాలుగు గింజల్లో మొలిచింది ఇదొక్కటే. ఈ పిందె నిలవకపోతే అత్త గుమ్మడి ఇంతటితో సరి.

పామర్రు దగ్గర అత్తావాళ్ల ఊళ్లో ఈ గుమ్మడి పశువుల పాక నిండా పాకేది. ధనుర్మాసంలో అక్కడుంటే గొబ్బెమ్మలకి పూలు కోసే పని నాది. "పిందె ఉన్నదాన్ని ముట్టుకోమాకే. ఉత్త కాడ ఉన్నదే కొయ్యి. అయ్యి కూడా అన్నీ కొయ్యమాక" అని అత్త మొదటిరోజే చెప్పింది. నాకు తొమ్మిదేళ్లు, తెలివి ఎక్కువ. కింద బుల్లి గుమ్మడికాయ ఉంటే గొబ్బెమ్మకి ఇంకా అందం కదా అని ఓ రోజు పిందెపూలే ఏడు కోసి, ఏడు గొబ్బెమ్మల మీదా నిలబెట్టాను. వాకిట్లోకి వచ్చిన అత్త ముగ్గు పక్కనే చతికిలబడింది. "ఏడు కాయలే తల్లీ" అంది, అంతే. తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. మర్నాడు నన్ను వెంటబెట్టుకెళ్లి, పోతుపువ్వు రేకులు తుంచి, దాని పుప్పొడిని ఆడపువ్వులో అద్దడం చూపించింది. ఎండెక్కితే పూలు ముడుచుకుపోతాయి, అందుకని ఈ పెళ్లికి ముహూర్తం ఎప్పుడూ పొద్దున్నే.

విసవిసా కిందికి దిగాను. గేటు ముందు ముగ్గులో గొబ్బెమ్మలు, మధ్యదాని నెత్తిన నా పువ్వు. రెండో అంతస్తు కొత్త కోడలు ఫోనుతో ఫొటోలు తీస్తోంది. నన్ను చూసి, "మీ తీగదే ఆంటీ! పిందె ఉన్నది ముట్టుకోలేదండీ, ఉత్త కాడ ఉన్నదే కోశాను. మా అమ్మమ్మ అలాగే చెప్పేది" అంది మెచ్చుకోమన్నట్టు. ఇంకేం తిడతాను? అది మా అత్త మాటే. అన్నీ కొయ్యమాక అన్న రెండో సగం మాత్రం ఆ పిల్లదాకా చేరలేదు. గొబ్బెమ్మ నెత్తిన పువ్వు ఊడబెరుక్కుని, లిఫ్టు పైన ఆగి ఉందని మెట్లెక్కాను. మోకాళ్లు నన్ను బూతులు తిట్టాయి.

పైకి చేరేసరికి ఎండ తీగ మీదికొచ్చింది. ఆడపువ్వు అంచులు అప్పుడే ముడుచుకుంటున్నాయి. కాడకి అంటిన పేడ కొంగుతో తుడిచి, రేకులు తుంచి, అద్దాను. పుప్పొడి అంటిందో, రాలిపోయిందో తెలియలేదు. పిందె నిలుస్తుందో లేదో మూడు రోజులు ఆగితేగాని తేలదు. ఆ రోజు అత్త ఏడు పిందెల్ని ఒక్క మాటతో వదిలేసింది. ఆవిడకి మర్నాటికి పూలున్నాయి, మరుసటేటికి తీగ ఉంది. నాకున్నది ఎండెక్కేలోపు ఈ కాస్త పొద్దే.