దావ ఉందా మామా?

మధ్యాహ్నం రెండున్నరకు లారీ నన్ను దింపేసి వెనక్కి తిరిగింది. అక్కడి నుంచి పోస్టుకు నడకే. ఉత్తర సరిహద్దు, పన్నెండు వేల అడుగుల ఎత్తు, అక్టోబరు చివర. వీపు మీద ముప్పై కిలోల బరువు. అందులో సగం బ్యాటరీలే. చెట్టన్నది లేదు. రాయి, మంచు, గాలి. జమ్మలమడుగు ఎండలో పెరిగిన నాకు ముక్కులో తడి గడ్డకట్టడమంటే ఏమిటో ఆ రోజే తెలిసింది.

రిటైరై వచ్చాక ప్రొద్దుటూరులో టీ తాగుతుంటే ఒక పెద్దమనిషి నా ముఖం మీదే అన్నాడు. "మిలిట్రీలో సిగ్నల్స్ అంటే నీడన కూసోని చేసే పని కదప్పా. తుపాకీ ఎప్పుడన్నా పట్టుకున్యావా?" ఒళ్లు మండింది. గ్లాసు బల్ల మీద పెట్టి లేచి వచ్చేశాను. ఆయనకు అప్పుడు చెప్పని జవాబు ఇది.

మా పోస్టులో టవర్ లేదు, తీగ లేదు. ప్రతి జవాను దగ్గరా ఒక రేడియో సెట్టు ఉండేది. ఒకడి మాటను పక్కవాడి సెట్టు అందుకుని ఆ అవతలివాడికి అందిస్తుంది. దారి ముందుగా వేసి ఉండదు. మనుషులు ఎటు కదిలితే దారి అటు మారుతుంది. ఒక్కడు బండ చాటుకు పోయినా తెగుతుంది. అది తెగకుండా చూడడమే నా డ్యూటీ. బంకర్లో నా ముందు చిన్న తెర. ఒక్కో సెట్టుకు ఒక్కో పచ్చ చుక్క, చుక్కల మధ్య గీతలు.

మొదటి వారం జవాన్లతో గొంతు చించుకున్నాను. మాట్లాడే పని లేనప్పుడు బ్యాటరీ మిగులుతుందని సెట్టు ఆపేసేవాళ్లు. వాడి సెట్టు వాడి కోసమే కాదు, వెనకవాడి మాట దాని మీదుగానే పోవాలని ఎంత చెప్పినా తలకెక్కేది కాదు. ఎక్కింది ఒక్కడికే. పులివెందుల పక్క పల్లెవాడు. వాళ్లకు చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. నాకన్నా పదేళ్లు చిన్న. మామా అని పిలిచేవాడు.

"మన మడి తడిసిందని కాలవకు అడ్డం మన్నేస్తే కిందోళ్లు ఊరుకుంటారా మామా? కొడవండ్లు ఎత్తుకోని రారూ?" అన్నాడు.

"మీ పక్క కొడవండ్లతోనే సరిపెడతారా?" అన్నాను.

చాలాసేపు నవ్వాడు. రిలే పని అతనికే ఇచ్చాను. అప్పటి నుంచి అందరికీ అతని పేరు రిలే.

పోస్టుకూ కింద నాలాకూ మధ్య ఒక కొండ మెడ, రెండు శిఖరాల నడుమ ఇరుకు కనుమ, ఉంది. నాలా అంటే మా పక్క వంక, వాగు లాంటిదే, లోతు మాత్రం చాలా ఎక్కువ. అందులో దిగినవాడి మాట బండను దాటి పైకి రాదు. మెడ మీద రాళ్లు పేర్చి నడుమెత్తు గోడ కట్టి, దాని వెనక ఇనుప స్తంభం పాతి, కొసన సెట్టు బిగించాం. రిలే అక్కడ ఉంటాడు. మాట్లాడడు. మాటను దాటిస్తాడు. గంటకోసారి నన్ను అడుగుతాడు, తెలుగులో, రెండే మాటలు. దావ అంటే మా సీమలో దారి.

"దావ ఉందా?"

"ఉంది."

ఒక రోజు పొద్దున ఐదుగురి పెట్రోల్ నాలాలోకి దిగింది. మంచు సన్నగా పడుతోంది. పన్నెండున్నరకు అవతలి గట్టు నుంచి మెషిన్‌గన్ మోగింది. ముందు నడుస్తున్న స్కౌటు గొంతులోంచి తూటా పోయింది. ఇంకొకడికి తొడ చీలింది. మిగిలిన ముగ్గురూ వాణ్ణి ఒక బండ వెనక్కి లాక్కున్నారు. తల ఎత్తే వీలు లేదు. పెట్రోల్ నాయకుడి మాట రిలే మీదుగా నాకు అందింది. మా మోర్టారు ఆ గన్ను మీద పడితే తప్ప వాళ్లు బయటపడరు. గన్ను ఎక్కడుందో కనిపించేది వాళ్లకు మాత్రమే.

మరు నిమిషంలో కొండ మెడ మీద శత్రువు షెల్ పడింది. రిలే చుక్క ఆరిపోయింది.

తెర వేరే దారి వెతుక్కుంది. గాయపడినవాడి కోసం ఎడమ వాలున స్ట్రెచరు మోసుకుపోతున్న జవాను సెట్టు మీదుగా గీత పడింది. దగ్గరి దారి, బలమైన సిగ్నల్. కానీ ఆ మనిషి నడుస్తున్నాడు. మా మొదటి షెల్ గన్నుకు ఇవతలే పడింది. నాయకుడు "వంద మీటర్లు ముందుకు" అన్నాడు. సరిగ్గా అప్పుడే స్ట్రెచరు జవాను బండ మలుపు తిరిగాడు. మాకు "వంద మీటర్లు" వరకే వినబడింది. మోర్టారు హవల్దారు వంద వెనక్కి వేశాడు. షెల్ మనవాళ్ల ముందే పేలింది. రాతిముక్క ఒక జవాను దవడను ఊడబెరికింది. వాడి అరుపు నా చెవిలోకి వచ్చింది. అది మాత్రం ఎక్కడా తెగలేదు.

అప్పుడు రిలే చుక్క మళ్లీ వెలిగింది.

"స్తంభం విరిగిపోయింది మామా. నా సెట్టు చేత్తో ఎత్తి పట్టుకోనుండా. దావ ఉందా?"

గోడ వెనక అణిగి కూర్చుని చెయ్యి మాత్రం పైకెత్తాడు. "ఉంది," అన్నాను. తెరను నమ్మడం మానేశాను. దగ్గరి దారిని మూసి, అన్ని మాటలూ రిలే మీదుగానే పోయేలా నా చేత్తో బిగించాను. బలమైన దారి కాదు, కదలని దారి కావాలి. ఆ కొండ మీద కదలకుండా ఉన్నది అతనొక్కడే.

మోర్టారు గురికి రెండు దిద్దుబాట్లు పూర్తిగా అందాయి. మూడోదానికి ముందు రిలే గొంతు మారింది.

"మణికట్టు పోయింది మామా. ఎముక తెల్లగా అవపడతాంది. ఇంగో చేత్తో పట్టుకుంటా. దావ ఉందా?"

కంపెనీ కమాండరు నా వెనకే ఉన్నాడు. ఏమన్నాడని అడిగాడు. చెప్పాను. "కిందికి దించితే?" అన్నాడు.

"దారి పోతుంది సాబ్."

ఆయన నేలకేసి చూశాడు. "ఉంచు," అన్నాడు.

లేదు అని ఒక్క మాట అంటే అతను చెయ్యి దించి బతికేవాడు. నాలాలో నలుగురు చచ్చేవాళ్లు. నేను ఉంది అన్నాను. ఈ రోజు అడిగినా అదే అంటాను. దానివల్ల మనసు కుదుటపడిందని ఎవరూ అనుకోవద్దు.

"శానా సలిగా ఉంది మామా. చెయ్యి నిలబడ్డంల్యా. మొండి స్తంభానికి కట్టేసుకుంటాండా. దావ ఉందా?" "ఉంది," అన్నాను. అతను తుపాకీ పట్టీతో ముంజేతిని కట్టుకున్నాడు. పళ్లతో ముడి బిగించిన చప్పుడు వినిపించింది.

ఏడో షెల్ గన్ను మీద పడింది. అవతలి గట్టున మనుషుల ముక్కలు రాళ్ల మీదికి లేచాయని నాయకుడు చెప్పాడు. బంకర్లో ఎవరూ కేక వేయలేదు. పెట్రోల్ కదిలింది. స్కౌటు శవాన్ని కూడా వదల్లేదు. పైకెక్కే దాకా దారి చూపింది రిలే మీదుగా పోయిన మాటలే.

"దావ ఉందా?" అని అతను మళ్లీ అడగలేదు. చుక్క పచ్చగానే ఉంది. నేనే పిలిచాను. "అప్పా, అందరూ వచ్చేసినారు. చెయ్యి దించు." జవాబు రాలేదు. మెడ మీద షెల్స్ పడుతూనే ఉన్నాయి. ఎవరినీ పంపలేకపోయాం.

తెల్లవారుజామున వెళ్లాం. అతని పక్కటెముకల్లో షెల్ రేకుముక్క దిగి ఉంది. పట్టీ కోశాను. చెయ్యి కిందికి రాలేదు. మంచులో అట్లాగే బిగుసుకుపోయింది. వేళ్ల మధ్య సెట్టు. దాని పచ్చ దీపం ఇంకా వెలుగుతోంది. సెట్టు ఆపమన్నారు. నా వల్ల కాలేదు. మోర్టారు హవల్దారు ఆపాడు.

ఆ పోస్టులో నా గడువు అయ్యాక పులివెందులలో బస్సు దిగి వాళ్ల పల్లెకు పోయాను. చీనీ చెట్ల మధ్య మంచం వేసి కూర్చోబెట్టాడు వాళ్ల నాయన.

"కడాకు ఏమన్న్యాడప్పా?"

"దావ ఉందా అన్న్యాడు."

"నువ్వేమన్న్యావు?"

"ఉంది అంటి."

ఆయన లేచి పక్క పాదులోకి నీళ్లు మళ్లించి వచ్చాడు. "సరేలే. అబద్ధం చెప్పల్యా కదా," అన్నాడు.

జమ్మలమడుగు బస్సెక్కాను. పల్లె దాటగానే రోడ్డు పక్కన ఒకాయన బస్సు ఆపమని చెయ్యెత్తాడు. డ్రైవరు ఆపకుండా పోయాడు. నేను సీట్లోంచి లేచి డ్రైవరును ఎన్ని తిట్లు తిట్టానో నాకే తెలియదు. బస్సులో అందరూ నన్నే చూశారు. వాళ్లకేం తెలుసు. నాకు కనబడేది రోడ్డు కాదు. వాలు మీద నలుగురు స్ట్రెచరు మోస్తూ దిగుతున్నారు. ముఖం మీదుగా కంబళి కప్పాం. కంబళి పక్కనుంచి రిలే చెయ్యి నిటారుగా పైకి లేచి ఉంది. దాని మీద మంచు పడుతోంది.