తాలూకా పోయిన వేసవిలో పసుపు పందెం

నా చిన్నప్పుడు పెద్దాపురంలో తాలూకా ఆఫీసుకి వచ్చినవాడెవడూ ఉత్తి చేతుల్తో ఇంటికి వెళ్ళేవాడు కాదు. పని ఎలాగూ ఆ పూట అవదు. అయ్యేదాకా కూర్చోవాలి. కూర్చుంటే ఎండ. ఎండ పడలేక ఎదురుగా ఉన్న మా కొట్టు అరుగెక్కేవాళ్ళు, ఎక్కినవాళ్ళు మొహమాటానికైనా ఇంత చింతపండో బెల్లమో కొనకుండా దిగేవాళ్ళు కాదు. సర్కారు ఎంత ఆలస్యం చేస్తే మా కిరాణా కొట్టుకి అంత లాభమన్న సంగతి పలక పట్టకముందే కనిపెట్టాను నేను. చదువులో ఆ తెలివి మళ్ళీ ఎప్పుడూ కనబడలేదు, అది వేరే సంగతి.

ఒక వేసవిలో తాలూకాలు తీసేసి మండలాలు పెట్టారు. మా ఊరికీ ఒక మండలం ఆఫీసు మిగిలింది గానీ, చుట్టుపక్కల ఊళ్ళకి వాళ్ళ దగ్గర్లోనే ఎమ్మార్వో ఆఫీసులు వచ్చేశాయి. పాపం, వాళ్ళకి మంచే జరిగింది. మా అరుగే ఖాళీ అయింది. మా నాన్న ఒక చోట నిలబడలేకపోయేవారు. ఈ మూల బస్తా ఆ మూలకి జరిపేవారు, సాయంత్రం మళ్ళీ ఇటు లాగేవారు. వీధిలో బస్సు ఆగితే చాలు, లేచి వెళ్ళి ఎవరు దిగారో చూసి వచ్చేవారు. ఆ కుదురులేనితనం నాకూ అంటుకుంది. అన్నం ముందు కూర్చున్నా చెవులు వీధిలోనే ఉండేవి.

చివరికి నాన్న కొత్తగా మండలమైన ఒక ఊళ్ళో, ఆఫీసుకి ఎదురుగా ఒక గది చూసి వచ్చారు. ఇక్కడ కొట్టు మూసేసి అక్కడ తెరుద్దామన్నారు. గది కోసం ఇంకొకరు తిరుగుతున్నారు, సోమవారం లోపు మాట చెప్పాలి. మా తాతయ్య ససేమిరా అన్నారు. వాళ్ళ తాతల నాడు సంస్థానం ఉండగా తెరిచిన కొట్టది. సంస్థానం పోయింది, కొట్టు ఉంది. తాలూకా పోతే మాత్రం ఎందుకు పోవాలి అని ఆయన వాదన. సంస్థానం పోయినా మనుషులు వస్తూనే ఉన్నారు కదా, ఇప్పుడు రావడం లేదు కదా అని నాన్న వాదన. నేను మాత్రం నాన్న పక్షమే. కొత్త కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడతానన్నారు మరి. నన్ను కొనడానికి అప్పట్లో అంతకంటే ఖర్చయ్యేది కాదు.

రెండు రోజులు మాటల్లేకుండా గడిచాక తాతయ్యే దిగి వచ్చారు. "ఒరేయ్, పోట్లాట ఎందుకు. నీ గదిలోనే ఒక రోజు కూర్చుంటాను. మన పసుపే పట్టుకెళదాం, ఇక్కడి ధరకంటే తగ్గించే చెబుదాం. పెళ్ళిళ్ళ రోజులు కదా. పొద్దుగూకే లోపు పెళ్ళి పసుపు ఒక్క బేరం తెగినా కొట్టు అక్కడికి మార్చేద్దాం. తెగకపోతే మళ్ళీ ఆ మాట ఎత్తకు." నాన్న ఎగిరి గంతేసినంత పని చేశారు. అదే సరుకు, తక్కువ ధర, ఆఫీసు ముందు జనం. ఓడిపోయే దారే కనబడలేదు ఆయనకి. నాకూ కనబడలేదు.

మొదటి బస్సుకి ముగ్గురం వెళ్ళాం. గది ముందు పట్టా పరిచి పసుపు కొమ్ములు కుప్ప పోశాం. నాన్న ఊరుకోలేక పక్కన సోడాలు, బీడీ కట్టలు, అర్జీలకి తెల్లకాగితాలు పెట్టారు. తాతయ్య కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నారు. మధ్యాహ్నానికే సోడాలు అయిపోయాయి. కాగితాలూ అయిపోయాయి. పసుపు కుప్ప మాత్రం పొద్దున ఎలా పోశామో అలాగే ఉంది. నేను దాని చుట్టూ తిరగడం, జనాన్ని కళ్ళతోనే లాగాలని చూడడం.

ఎండ వాలాక ఒకావిడ వచ్చి కుప్ప ముందు కూర్చుంది. ఒక కొమ్ము విరిచి లోపలి రంగు చూసింది, వాసన చూసింది. నేను తిరగడం మానేసి ఉన్నచోటే నిలబడిపోయాను.

"బాగుందండి. పెద్దాపురం సరుకులాగే ఉంది."

"పెద్దాపురం సరుకేనమ్మా. తీసుకో మరి," అన్నారు తాతయ్య.

"ఇంట్లోకైతే తీసుకుందునండి. మా పిల్ల పెళ్ళికిది. పెళ్ళి పసుపు మేం తాలూకా ఆఫీసు ఎదురుగా ముసలాయన కొట్లోనే కొంటాం. మా అత్తగారి పెళ్ళికీ అక్కడిదే, నా పెళ్ళికీ అక్కడిదే."

"తాలూకా ఎత్తేశారు కదమ్మా."

"ఆఫీసు ఎత్తేశారండి. ముసలాయన్ని ఎత్తేయలేదు కదా."

తాతయ్య తువ్వాలు కాస్త ముందుకి లాక్కున్నారు. "మంచివాడేనా ఆయన?"

"ఏం మంచండీ, పిసినారి. కొసరడిగితే చెవుడొచ్చేస్తుంది. పసుపు మాత్రం పసుపే."

వెనకాల నాన్న నవ్వు ఆపుకోలేక దగ్గారు. వెంటనే పందెం గుర్తొచ్చినట్టుంది, ముందుకొచ్చి ధర ఇంకాస్త తగ్గించారు. ఆవిడ కదల్లేదు. మరీ తగ్గించారు. ఆవిడ చేతిలో కొమ్ము కుప్పలో పడేసి లేచి నిలబడింది. "పెళ్ళి పసుపు దగ్గర ఏంటండీ ఈ తగ్గింపులు? పుచ్చు సరుకేమోనని అనుమానమొస్తోంది." చీర దులుపుకుని వెళ్ళిపోయింది. ధర అడ్డం కానిచోట ధర తగ్గిస్తే ఏమవుతుందో ఆ పూట కళ్ళారా చూశాను.

పొద్దుగూకేదాకా ఇంకో బేరం రాలేదు. నాన్న మాట మీద నిలబడ్డారు, గది వదులుకున్నారు. అది తీసుకున్నవాళ్ళు సోడాలతో మొదలెట్టి కొన్నేళ్ళకి మేడ కట్టారు. మా కొట్టు మా ఊళ్ళోనే ఉంది. పెళ్ళిళ్ళ రోజుల్లోనూ, మరిడమ్మ జాతరకీ పాత తాలూకా ఊళ్ళన్నీ వచ్చి అరుగు నింపేవి. మిగతా రోజుల్లో మేమూ, ఈగలూ.

చాలా ఏళ్ళ తర్వాత, తాతయ్య మంచాన పడ్డాక, నాన్న ఒకసారి అడిగారు: "నాన్నా, ఆ రోజు సోడాల మీద పందెం వేసుకుని ఉంటే?" తాతయ్య కళ్ళు మూసుకునే జవాబు చెప్పారు. "నువ్వు గెలిచేవాడివిరా. అందుకే పసుపన్నాను." నాన్న ఆయన కాళ్ళ మీద దుప్పటి సర్ది బయటికి వచ్చేశారు. కోపమో, మెచ్చుకోలో ఆ ముఖం చూసి నేను తేల్చుకోలేకపోయాను.

ఇప్పుడు ఆ కొట్టు నేనే చూస్తున్నాను. ఈ మధ్య జిల్లాలు కూడా ముక్కలయ్యాయి. జీవితమంతా తూర్పు గోదావరి అని రాసిన చేత్తో కాకినాడ జిల్లా అని రాస్తున్నాను, సగంసార్లు కొట్టేసి మళ్ళీ రాస్తున్నాను. అవతల కొవ్వూరువాళ్ళు గోదావరి పడమటి గట్టున కూర్చుని తూర్పు గోదావరి జిల్లా అని రాసుకుంటున్నారు. వాళ్ళని తలుచుకుని కాస్త ఊరట పడతాను. గీతలు మారినప్పుడల్లా ఏది కదులుతుందో, ఏది కదలదో ముందే చెప్పేయగలమనుకుంటాం. తాతయ్య సరిగ్గానే చెప్పారు, కాకపోతే సగమే చెప్పారు. మిగతా సగం మేడై లేచింది.

బేరంలో నన్ను మించినవాళ్ళు లేరని మా వీధిలో అంటారు. నిజమే అయి ఉంటుంది. దేని మీద బేరమాడాలో ముందు నేనే తేల్చేస్తాను, ధర సంగతి తర్వాత. కానీ అవతలివాళ్ళు మరీ తేలిగ్గా ఒప్పుకున్న రోజున సంతోషం నిలవదు. పందెం నాడు నాన్నలాగే వాళ్ళూ ఏ మాట అడగడం మర్చిపోయారో నాకు తెలుసు. వాళ్ళు సంచీ పట్టుకుని అరుగు దిగుతుంటే, వెనక్కి పిలవనా వద్దా అని గుమ్మందాకా వెళ్ళి నిలబడతాను.