కిటికీ తియ్యమన్న మాట

“ఏవండీ, ఒక్కసారి ప్రభువా అనండి. నా కోసం.”

“నువ్వు అనుకో. ముందు ఆ కిటికీ తియ్యి, ఉక్కగా ఉంది.”

మా ఇద్దరి మధ్యా నడిచిన చివరి మాటలు ఇవే. ఏలూరు ఆసుపత్రిలో, పొద్దున్న టిఫిన్ల వేళ. కిటికీ రెక్క తుప్పు పట్టి బిగుసుకుపోయింది. రెండు చేతులతో లాగితే గాని రాలేదు. రోడ్డు మీది ఆటోల మోత ఒక్కసారి లోపలికి వచ్చింది. ఇటు తిరిగి “బాగుందా ఇప్పుడు?” అని అడిగాను. అప్పటికే ప్రాణం పోయింది.

రాయి తల్లీ, ఇలాగే రాయి. నాకు సంతకం వరకే వచ్చు. నువ్వు తాడేపల్లిగూడెంలో పిల్లలకు చదువు చెప్పే టీచరువి, మా ఆయన చెల్లెలి కూతురివి. చెప్పింది చెప్పినట్టు రాస్తావని పిలిపించాను. ఆదివారం చర్చిలో ఆయన పేరున ఆదరణ కూడిక పెడుతున్నారు. చివరి ఘడియలో ఆయన దేవుణ్ణి ఎలా ఒప్పుకున్నారో నేను లేచి అందరికీ చెప్పాలట. ఆయన ఒప్పుకోలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మాది కైకలూరు దాటాక కొల్లేటి ఒడ్డు ఊరు. తాతల నాటి నుంచి చర్చివాళ్ళం. మా చర్చిలో బాప్తిస్మం అంటే కాలువలో నిండా ముంచి లేపుతారు. అలా మునగనివాళ్ళకు, కనీసం ఆఖరి ఘడియలోనైనా ప్రభువును ఒప్పుకోకపోతే, సమాధుల తోటలో చోటు లేదు. మా ఆయన చేపల చెరువుల్లో వల లాగే మనిషి. పాస్టరుగారు ఏటా అడిగేవారు, ఈయన ఏటా అదే జవాబు చెప్పేవారు.

“రోజూ పీకల్లోతు నీళ్ళలోనే బతుకుతున్నానండి. నీళ్ళతో మారేవాణ్ణయితే ఈపాటికి మారనాండీ?”

పాస్టరుగారు కూడా నవ్వేసేవారు. నాకు నవ్వు వచ్చేది కాదు.

అన్నాల దగ్గర వాదించుకునేవాళ్ళం.

“ఎక్కడెక్కడి పక్షులో ఈ కొల్లేటికే వస్తున్నాయి. వాటికి దారి ఎవరు చెప్పారండీ?”

“నాకు తెలీదు. తెలీనిదానికి ఓ పేరు పెట్టి దణ్ణం పెట్టమంటావేంటే?”

“నాకు గుండెల్లో తెలుస్తోంది మరి!”

“నీకు తెలిస్తే నువ్వు పెట్టుకో. నా గుండె నాకేం చెప్పలేదు.”

ఏళ్ళ తరబడి ఇదే. కూరలు మారేవి గాని మాటలు మారేవి కావు.

ఒక ఏడు వరదకు చెరువుల గట్లు తెగి చేపలు రోడ్డెక్కాయి. గట్టు దాటిన చేప ఎవరికి దొరికితే వాళ్ళదని మా వైపు ఆనవాయితీ. ఆ రోజు ఆదివారం. ఆరాధన అవగానే మా అన్నయ్య, సంఘ పెద్ద, తెల్ల పంచె ఎగగట్టి గోనెసంచితో నీళ్ళలోకి దిగాడు. మా ఆయన అరుగు మీద నుంచి కదల్లేదు.

“దేవుడు గుమ్మంలోకి పంపిస్తే అలా కూర్చున్నారేంటి బావగారూ?”

“గట్టు తెగి వచ్చాయి బావా. వాటిని పెంచినవాడు అక్కడ తల పట్టుకుని కూర్చున్నాడు.”

నేను ఊరుకోలేక అడిగాను. “పాపం, నరకం అనే భయం లేదుగా మీకు. మరెందుకు మానేశారు?”

“భయం ఉంటే తప్ప దొంగతనం మానవా నువ్వు?”

అలాగని ఆయన్ని మహాత్ముణ్ణి చెయ్యకు. మధ్యాహ్నం అన్నయ్య పంపిన బొచ్చె చేప పులుసు పెడితే, అడిగి మరీ రెండు ముక్కలు వేయించుకున్నారు. ఇదేం న్యాయమండీ అంటే, “పట్టడం వేరు, నువ్వు వండాక పారబొయ్యడం వేరు” అన్నారు.

ఆయన పోయిన రోజు నేను లోపల ఆడవాళ్ళ మధ్య పడి ఉన్నాను. వాకిట్లో మగవాళ్ళు ఏం మాట్లాడుకున్నారో తెలీదు. గుంట దగ్గర పాస్టరుగారు ప్రార్థనలో, చివరి ఊపిరిలో ప్రభువును పిలిచిన సహోదరుడు అన్నారు. అప్పుడు తల ఎత్తి చూశాను. అన్నయ్య ముఖం పక్కకు తిప్పుకుని ఏడుస్తున్నాడు.

తర్వాత అడిగితే దాచలేదు. “శవాన్ని పెట్టుకుని ఎండలో ఎవరి కాళ్ళు పట్టుకుంటావు చెల్లీ? రేపు నువ్వూ ఆయన పక్కనే ఉండాలా వద్దా? ఆఖర్లో ప్రభువా అన్నారని ఒక్క మాటేగా చెప్పాను.”

కోపం రాలేదు. కోప్పడ్డానికి ఒంట్లో ఓపిక కూడా ఉండాలి. నా మీద ప్రేమతోనే చెప్పాడు. కానీ ఆ మాటే ఇప్పుడు నా నోటితో చెప్పమంటున్నారు. పాస్టరుగారు ఇంటికి వచ్చి, “నువ్వు చెబితే ఊళ్ళో ఇంకో నలుగురు మగవాళ్ళు కాలువలో దిగుతారమ్మా” అన్నారు. మంచికే అన్నారు. అందరూ మంచికే అంటున్నారు.

నేను నమ్మే మనిషిని. మోకాళ్ళ నొప్పులున్నా పొద్దున్నే మోకరిస్తాను. ఆయన నమ్మలేదు. నేను బతిమాలినా, ఆ ఆఖరి క్షణంలో కూడా, నమ్మినట్టు నటించలేదు. ప్రభువా అనేస్తే ఆయనకు పోయేదేముంది? అయినా అనలేదు. నమ్మని మనిషి అంత నిజంగా వెళ్ళిపోతే, నమ్మిన నేను ఆయన నోట్లో లేని మాట పెట్టి దేవుడి ఎదుట నిలబడనా?

నిజం చెబితే అన్నయ్యకు సంఘంలో పెద్దరికం పోతుందేమో. ఆయన పక్కన నా చోటు పోతుందేమో. ఆయన్ని తవ్వి తీసేస్తారా అత్తయ్యా అని అడుగుతున్నావు. నాకేం తెలుసు తల్లీ. అలా అంటారనే భయంతోనే ఇన్నాళ్ళూ నిద్ర లేదు.

ఇందాక నువ్వు అన్నావే, “ప్రభువా అనండి అని అడిగాను, అక్కడికి ఆపేద్దాం అత్తయ్యా, అబద్ధమూ కాదు, గొడవా ఉండదు” అని. వద్దు. అక్కడ ఆపితే మిగతాది వినేవాళ్ళే నింపుకుంటారు. కిటికీ మాట ఉండాలి. ఆయన నాతో అన్న ఆఖరి మాట అది, నాకు మిగిలింది అదొక్కటే.

ఆదివారం నేను లేచి నిలబడతాను. నువ్వు పక్కన నిలబడి చదువు. ఇప్పుడు ఒకసారి మొదటి నుంచి చదివి వినిపించు తల్లీ. గట్టిగా చదువు.