ఊచల మధ్య నుంచి మెంతాకు

తాడిపత్రిలో మా అత్తగారింటికి వీధి వైపు ఒకే ఒక కిటికీ ఉండేది. పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన రోజునే మా అత్త నాకు వంటిల్లు, బర్రె కొట్టం, పెరట్లో బావి అన్నీ చూపించి, చివరికి వీధి గడప దగ్గర ఆగి, "మా ఇంటి కోడండ్లు ఇది దాటరు. ఏం కావల్లన్నా మగోళ్లు తెస్తారు" అంది. కోపంగా ఏమీ అనలేదు. ఉప్పు జాడీ ఎక్కడుందో చెప్పినట్టే చెప్పింది. అరవైల మొదటి సంవత్సరాలు అవి.

నేను కుందుర్పి వైపు మెట్టపొలాల్లో పెరిగినదాన్ని. మా ఇంట్లో కూర కొనడమనే మాటే లేదు. సంగటికి ఎసరు పెట్టి మా అమ్మ కేకేస్తే చేలోకి పరిగెత్తి, జొన్న సాళ్ల మధ్య మొలిచిన చెంచలాకో గోగాకో ఒడినిండా కోసుకొచ్చేదాన్ని. ఒడిలోంచి తీసేసరికి కూడా ఆకు మీద మంచు తడి ఆరేది కాదు. అది అదృష్టమని అప్పుడు నాకు తెలియదు.

మా ఆయన నాపరాళ్లు కోసే షెడ్డులో మేస్త్రీ. వారానికోసారి సంచి నిండా కూరగాయలు తెచ్చేవాడు. బెంగళూరు వైపు నుంచి లారీల్లో దిగేవి అవి. క్యాబేజీ, బీట్‌రూటు, నూల్‌కోలు. మా అత్త వాటిని నేరుగా వంటింట్లోకి తేనిచ్చేది కాదు. ముందు వీధి అరుగు మీద చేట పెట్టి, ఇరుగుపొరుగు చూసేదాకా పరిచి ఉంచేది. దొరల సీమ కూరగాయలు తినే ఇల్లని మా వీధిలో మాకు పేరు. లోపల వాటిని కడిగేది మాత్రం నేను. క్యాబేజీ రేకుల మధ్య తెల్లటి పొడి చేతికి అంటుకునేది. ఎన్ని నీళ్లు పోసినా ఒక మందు వాసన వదిలేది కాదు. వారం చివరికి మిగిలినవి వడలి, మెత్తబడేవి. వాటిని తరుగుతుంటేనే కడుపులో తిప్పేది.

నెల తప్పాక ఆ తిప్పడం ఇంకా ఎక్కువైంది. అన్నం నోట్లో పెట్టుకుంటే చాలు, పెరట్లోకి పరిగెత్తేదాన్ని. "తినేదానికి లేకుంటే ఏడుస్తారు. ఉండేది కక్కేదాన్ని నిన్నే చూసినా" అనేది అత్త.

అట్లాంటి ఒక పొద్దున, అత్త పెరట్లో బర్రెకు మేత వేస్తుండగా, వీధిలో "ఆకు... మెంతాకు... చుక్కాకు..." అని కేక వినిపించింది. కేక కంటే ముందు వాసన వచ్చింది. పచ్చి మెంతాకు వాసన. నేను పోయి కిటికీ ఊచలు పట్టుకున్నాను. తలమీద గంపతో ఒకామె, మా అమ్మ ఈడుది, నన్ను చూసి ఆగింది. పెన్నేటి అవతలి గట్టున ఉన్న పల్లె ఆమెది. ఏటి ఇసుకలో ఆకు పండించి అమ్మేది.

"ఏం కోడలుపిల్లా, అట్ల చూస్తాండావు? ఆకు కావల్లనా?"

"నా కాడ దుడ్లు లేవక్కా."

"దుడ్లు లేకుంటే మజ్జిగ ఉండాదా? గొంతు ఎండిపోతాండాది."

మజ్జిగ చెంబు ఊచల మధ్య పట్టలేదు. గ్లాసు పట్టింది. ఆమె గటగటా తాగి, ఒక మెంతాకు కట్ట అదే సందులోంచి లోపలికి తోసింది. దాని వేర్లకు ఇంకా తడి ఇసుక ఉంది. నేను కడగకుండానే ఒక రెమ్మ నోట్లో వేసుకున్నాను. అది కడుపులో నిలిచింది.

అప్పటి నుంచి ఆమె వచ్చే వేళకు గ్లాసుతో కాచుకుని ఉండేదాన్ని. ఏట్లో నీళ్లే లేవు కదా, ఎట్లా పండిస్తావని ఒకరోజు అడిగాను.

"పైన లేకుంటే ఏమి, ఇసక కింద ఉండాయి గదా. చెలమ తవ్వుకొని కడవతో పోస్తాం. గొర్రెల మంద దిగిన చోట పెంట ఊడ్చుకొచ్చి పాదులకు వేస్తాం."

"పురుగులకు మందుపొడి చల్లరా?"

"ఆ పొడి మాకెవరిస్తారు తల్లీ? పురుగు తినేది పురుగు తింటాది. మిగిలింది మీరు తింటారు" అని నవ్వింది.

నిజంగానే ఆ ఆకులకు చిల్లులుండేవి. తెల్లవారుజామున కోసి, ఎండెక్కకముందే మా వీధికి తెచ్చేది. దాన్ని పప్పులో వేసి ఎనిపితే నాకు ఆకలి పుట్టేది. ఆకు కొడుకు తెచ్చిందేనని అత్త అనుకునేది. కాళ్లలో బలం వచ్చింది. అంతకంటే, రోజులో ఆ కాసేపు ఒక మనిషి నాతో నవ్వుతూ మాట్లాడేది.

బయటపెట్టింది మా ఆయనే. పాపం, మెచ్చుకోబోయాడు. "అమ్మా, ఈ పొద్దు పప్పు భలే ఉండాది. మెంతాకు యాడ తెప్పించినావు?" అన్నాడు. అత్త నా వైపు చూసింది. కిటికీ దగ్గర తీసుకున్నానని చెప్పాను.

"కిటికీలో నిలబడి వీధిలో పోయేదానితో బేరాలా మ్మే? ఈ ఇంటి కోడలు ఊచల్లోంచి చెయ్యి చాపిందని రేపు వీధంతా చెప్పుకోరా?"

ఆయన పళ్లెంలో మిగిలిన పప్పు కలుపుకుని తిన్నాడు. ఆ సాయంత్రమే అత్త కిటికీ తలుపులు మూయించి, జొన్న బస్తాలు తెప్పించి దానికి ఆనించి పేర్పించింది. ముందు గదిలో పగలే చీకటి పడింది. పొద్దున కేక వినిపించేది, మా ఇంటి ముందు కాస్త ఆగేది, ముందుకు పోయేది. నేను బస్తా మీద చెయ్యి వేసి నిలబడేదాన్ని.

కాన్పుకు పుట్టింటికి పోతాను కదా అని ఓర్చుకున్నాను. ఆ ఏడు వాన పడలేదు. మా నాయన వచ్చాడు గానీ బండి తేలేదు. ఆయన పెదవులు పగిలి ఉన్నాయి. "అమ్మాయీ, బావి ఎండిపోయినాది. తాగను నీళ్లు రెండు మైళ్ల నుంచి మోస్తాండాం. నిన్ను తోడుకపోయి ఏం పెట్టేది? ఈడనే ఉండు" అన్నాడు. ఆయన గడప దాటి పోతుంటే చూడ్డానికి నాకు కిటికీ కూడా లేదు.

మార్పు వచ్చింది నా వల్ల కాదు. ఒకరోజు మా ఆయన ఖాళీ సంచితో ఇంటికి వచ్చాడు. లారీ దిగుతుండగా చూశాడట. క్యాబేజీ బుట్టల మీదే పురుగుమందు బస్తాలు వేసుకొచ్చారు. ఒక బస్తా పిగిలి పొడి అంతా బుట్టల్లోకి రాలింది. హమాలీలు గోనెపట్టతో దులిపి, అట్లే అంగళ్లకు చేర్చారు.

"కడుపుతో ఉండేదానికి అది పెట్టలేనమ్మా. నేను ఇంక తేను" అన్నాడు. అత్తకు ఆయన ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. మరునాడు కేక వినిపించగానే అత్త పీట తెచ్చి వీధి గడపలో వేసుకుని కూర్చుంది. "ఏయ్, ఆకు! ఇట్ల రా" అని పిలిచింది.

ఆ రోజు నుంచి మా ఇంటికి ఏటి ఆకు, ఏటి వంకాయ, ఏటి దోసకాయ వచ్చాయి. కూతురు పుట్టింది, గట్టిపిల్ల. కూర బాగుపడింది గానీ, నాకున్న ఆ కాసేపు మాట పోయింది. గడపలో అత్త, ఆకు అమ్మే ఆమె గంటల తరబడి కబుర్లు చెప్పుకునేవాళ్లు. నేను లోపల ఆకు గిల్లుతూ వినేదాన్ని. కిటికీ ముందు బస్తాలు తీయలేదు.

పిల్లకు నడక వచ్చిన వేసవిలో ఆకు కేక ఆగిపోయింది. ఆమె కాలిలో తుమ్మముల్లు దిగి లేవలేకపోతోందని ఎవరో చెప్పారు. మా ఆయన బండల లోడుతో ఊరు పోయాడు. అత్తకు మోకాళ్లు పట్టేశాయి. ఆకుపప్పు కలపనిదే పిల్ల సంగటి ముట్టదు.

"మ్మే" అంది అత్త, నా మొహం చూడకుండా. "ఏటికాడికి పోయి ఆకు తెస్తావా?"

నేను సరిగా వినలేదేమో అనుకున్నాను.

"కొంగు తలమీదికి లాక్కో. ఎవురితో మాట్లాడొద్దు. బిరీన రా."

పిల్లను చంకనేసుకుని బయలుదేరాను. వెలుతురుకు కళ్లు నీళ్లు కారాయి. పెన్నేటి ఇసుక కాళ్ల కింద కాలుతోంది. అంత ఇసుక మధ్యన, ఎండుకంపల దడి లోపల, పచ్చటి మళ్లు. ఆమె పందిరి నీడన కాలికి గుడ్డ చుట్టుకుని కూర్చుని ఉంది.

"వచ్చినావా! ఎవురు వదిలినారే నిన్ను?"

"మా అత్తే."

ఇద్దరం నవ్వాం. నా చేతులతో నేనే మెంతాకు పెరికాను, చుక్కాకు కోశాను. ఆమె కూర్చున్న చోటి నుంచే లేత దోసకాయ ఒకటి తెంపి, పక్కనున్న చెలమలో ముంచి ఇచ్చింది. అక్కడే నిలబడి తిన్నాను. పిల్ల చేతికి ఒక ముక్క ఇచ్చాను. పోవాలని నాకు అనిపించలేదు.

ఇంటికి వచ్చేసరికి అత్త గడపలోనే ఉంది. ఆలస్యమైందని అంటుందని భయపడ్డాను. ఆకు కూడా చూడలేదు.

"ఎట్లుండాది ఏరు?" అంది. "పెండ్లయి వచ్చినప్పుడు బండి దిగి ఆ ఇసకలో నడిచినా. మళ్లా చూడలే."

నేను దడి గురించి, చెలమ గురించి, మళ్లకు నీళ్లు ఎట్లా పోస్తారో చెప్పాను. మోకాళ్లు రుద్దుకుంటూ అంతా విన్నది. చెప్పినదే మళ్లీ అడిగింది.

ఆ తర్వాత ఇంకొన్నిసార్లు పోయాను. పుండు మానిన రోజున ఆమె కుంటుకుంటూ గంపతో మా వీధికి వచ్చింది. అత్త పీట వేసుకుంది. ఆమె నన్ను చూసి నవ్వింది, నేనూ నవ్వాను. కానీ ఆమెకు నయమైనందుకు ఆ పొద్దు నాకు సంతోషం కలగలేదు.