ఒక్క మేకుకే పర్మిషన్

సింహాద్రి విశాఖపట్నంలో ఏసీలు బిగించే మెకానిక్. ఊళ్లో అతను చిల్లు పెట్టని గోడ లేదంటే మరీ ఎక్కువ చెప్పినట్టేమీ కాదు. కానీ కంచరపాలెంలో తాను పదకొండేళ్లుగా అద్దెకుంటున్న వాటాలో మాత్రం ఒక్క మేకు కొట్టే దిక్కులేదు. ముందు వాటాలో ఒంటరిగా ఉండే ఇల్లుగలావిడ నూరున్నీసా, గోడల జోలికి రావద్దని మొదటిరోజే చెప్పేసింది. అందుకని అతని పెళ్లిఫొటో, బారెడు వెడల్పు ఫ్రేము, ఇన్నేళ్లుగా మంచం కింద దుమ్ము తింటోంది.

ఆ ఫొటో తగిలించడానికే ఫ్లాటు కొనాలని సింహాద్రి పంతం. నవ్వకండి. బుద్ధెరిగాక సొంత గోడంటూ ఎరగని మనిషి ఆశ అది.

"అద్దె కట్టింది కట్టినట్టే పోతంది. మనకేటి మిగిల్తాది?" అన్నాడు.

"బ్యాంకు వాయిదా అద్దెకి రెండింతలు. దానికేటంటావ్?" అంది భార్య చిలకమ్మ. అంటూనే పట్టుచీర కట్టుకుని, "పద, సూసొద్దాం," అని తనే ముందు బయల్దేరింది.

ఆదివారం పొద్దున్నే బ్రోకర్ నీలకంఠం కూర్మన్నపాలెం అవతల ఒక కొత్త ఫ్లాటు చూపించాడు. అడ్వాన్సు జేబులోనే ఉంది. సింహాద్రికి కాళ్లు నేలమీద నిలవడం లేదు. హాల్లో తెల్లటి గోడ చూడగానే సంచీలోంచి డ్రిల్లింగ్ మిషన్ తీశాడు.

"ఒక్క చిల్లెట్టి సూసుకుంటాను బావ."

"కొనేవోడివి, నీ ఇష్టం బావ," అన్నాడు నీలకంఠం.

మిషన్ ఇలా ఆనించాడో లేదో, బిట్టు బుర్రున గోడ అవతలికి దూసుకుపోయింది. వెనక్కి లాగేసరికి చిల్లులోంచి ఇంత వెలుగు, పోపు వాసన వచ్చాయి. ఆ వెనకే పక్క ఫ్లాటులోంచి ఒక ఆడగొంతు.

"ఎవులు బాబూ అది? నా ఉప్మాలో సున్నం పడింది."

సింహాద్రి చిల్లు దగ్గర నోరు పెట్టి, "తప్పయిపోయిందమ్మా. ఈ ఇల్లు కొందావని వొచ్చాం," అన్నాడు.

"కొనుక్కో బాబూ. మీ పిల్లలు తుమ్మితే నాను ఇక్కణ్ణించే సిరంజీవ అనొచ్చు."

చిలకమ్మ నవ్వాపుకోలేక పట్టుచీర కొంగు నోట్లో కుక్కుకుని బయట మెట్లమీద కూలబడింది. అడ్వాన్సు జేబు దాటి రాలేదు. కంచరపాలెం దాకా బస్సులో మొగుడూ పెళ్లాం పిచ్చివాళ్లలా నవ్వుతూనే ఉన్నారు.

ఈ సంగతి విని నూరున్నీసాకీ నవ్వాగలేదు. కళ్లు తుడుచుకుంటూ, "ఖాళీ చేసేస్తారేమోనని పొద్దుట్నుంచి నాకు ముద్ద దిగలేదయ్యా," అనేసింది. ఆ వెంటనే, "సరే, ఒక మేకు కొట్టుకో. ఒక్కటే," అంది.

ఊరంతా చిల్లులు పెట్టిన మనిషి ఆ ఒక్క మేకుకి గోడని మూడుసార్లు కొలిచాడు. పాత గోడ రెండు మేకులు వంచేసి గానీ మూడోదాన్ని దిగనివ్వలేదు. ఫ్రేముకేమో రెండు కొక్కేలు. ఒక్క కొక్కేన్నే మేకుకి తగిలించేసరికి పెళ్లికూతురు పైకి, పెళ్లికొడుకు కిందికి ఒరిగిపోయారు.

"వొంకరగుంది," అంది చిలకమ్మ, తల పక్కకి వంచి.

"ఉండనీ. పర్మిషన్ ఒక్కదానికే," అన్నాడు సింహాద్రి, తనూ తల వంచి. ఆ వంకర ఫొటో చూస్తుంటే అతనికి గుండె నిండిపోయింది.

గుమ్మంలో నిలబడి నూరున్నీసా కూడా తల వంచి చాలాసేపు చూసింది. లోపలికి వెళ్లి, రెండో మేకు తనే పట్టుకొచ్చింది.